అమ్మకాలు శిఖరాన ఉండగానే ఓడిపోయిన దుకాణాలు

2004లో బ్రిటన్ ప్రజలు 16.3 కోట్ల ఆల్బమ్‌లు కొన్నారు. ఆ దేశంలో ఒక్క ఏడాదిలో అన్ని ఆల్బమ్‌లు అమ్ముడవడం అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. దాదాపు అన్నీ సీడీలే. సరిగ్గా ఆ ఏడాదే 'అవర్ ప్రైస్' అనే పేరు బ్రిటిష్ బజార్ల నుంచి మాయమైంది. అదేమీ చిన్నాచితకా కొట్టు కాదు. 1971లో మొదలై, ఒక దశలో మూడు వందలకు పైగా శాఖలతో, ఓ మోస్తరు పట్టణాలన్నిటి హై స్ట్రీట్‌లోనూ, అంటే ప్రధాన బజారు వీధిలోనూ, కనిపించిన రికార్డు షాపుల గొలుసు.

సరుకు మునుపెన్నడూ లేనంతగా చెల్లిపోతుంటే ఆ సరుకు అమ్మే దుకాణం మూతపడటమేమిటి? అందరి నోటా వినిపించే జవాబు ఒకటుంది: ఇంటర్నెట్ వచ్చింది, పాటలు ఉచితమయ్యాయి, షాపులు పోయాయి. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ జవాబు సగమే నిలుస్తుంది. డబ్బు కట్టి పాటలు దింపుకునే ఐట్యూన్స్ స్టోర్ బ్రిటన్‌లో తెరుచుకున్నది 2004 జూన్‌లో. స్పాటిఫై వచ్చింది 2008 అక్టోబరులో. సీడీలు కూడా అమ్మే వూల్‌వర్త్స్ బజార్ల సంస్థ కుప్పకూలింది ఆ మరుసటి నెలలో. నెల రోజుల వయసున్న, అప్పటికింకా ఆహ్వానం ఉంటే తప్ప లోపలికి రానివ్వని ఓ సేవ ఎనిమిది వందల దుకాణాలను కూల్చిందంటే ఎవరు నమ్ముతారు? జనం పాటలు ఉచితంగా పంచుకునేలా 1999లో వచ్చిన నాప్‌స్టర్, దాని వెనకే వచ్చిన దొంగ డౌన్‌లోడ్లు దెబ్బ కొట్టలేదని కాదు. కానీ శిఖరం వచ్చింది నాప్‌స్టర్ పుట్టిన ఐదేళ్లకు. దుకాణం లెక్క తప్పడం అంతకంటే ముందే, వేరే చోట మొదలైంది.

ఆ లెక్క తెలియాలంటే షాపు అరల్లో ఏముండేదో చూడాలి. సరుకు రెండు రకాలు. ఒకటి, ఈ వారం చార్టుల్లో, అంటే ఎక్కువగా అమ్ముడైనవాటి జాబితాల్లో, ఉన్న ఆల్బమ్‌లు. వందల్లో తెప్పించినా రోజుల్లో ఖాళీ అవుతాయి. రెండోది పాత సరుకు, వ్యాపారంలో బ్యాక్ కేటలాగ్ అంటారు. ఎప్పటిదో జాజ్ రికార్డు, ఒకే సింఫనీకి నాలుగు వేర్వేరు ఆర్కెస్ట్రాల రికార్డింగులు, రెండు ఆల్బమ్‌లు చేసి విడిపోయిన బృందం. ఇవి ఒక్కొక్క కాపీ చొప్పున నెలల తరబడి అరలో కూర్చుంటాయి. వాటి కిందున్న అడుగు నేలకు అద్దె మాత్రం ప్రతి రోజూ నడుస్తూనే ఉంటుంది. చార్టు సరుకు చేతిలో డబ్బు ఆడేలా చేస్తుంది. పాత సరుకు మనుషుల్ని లోపలికి రప్పిస్తుంది, ఒక్కో కాపీ మీద లాభమూ కాస్త ఎక్కువ మిగులుస్తుంది. కొత్త పాట కోసం వచ్చినవాడు పాతది ఒకటి చంకన పెట్టుకుని వెళ్తాడు, పాతది వెతుక్కుంటూ వచ్చినవాడు కొత్తది కొంటాడు. ఈ రెండూ ఒకే కప్పు కింద ఉన్నంత కాలమే షాపు నిలుస్తుంది.

ఎనభై ఏళ్ల పాటు ఆ కప్పు గట్టిగానే నిలిచింది. హెచ్ఎంవీ మొదటి దుకాణాన్ని 1921 జులైలో లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ 363వ నంబరు భవనంలో సంగీతకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ ప్రారంభించాడు. 1986లో అదే వీధిలో 150వ నంబరులో ప్రపంచంలోకెల్లా పెద్ద రికార్డు షాపు మాదేనంటూ ఇంకోటి తెరిచారు. అదే ఏడాది పికడిలీ సర్కస్‌లో అమెరికా వాళ్ల టవర్ రికార్డ్స్ దిగింది. వర్జిన్ మెగాస్టోర్ అప్పటికే ఉంది. కిలోమీటరున్నర మేరలో ఇన్ని మహా దుకాణాలు నడిచాయంటే దానికి కారణం 1983లో యూరప్‌కు వచ్చిన సీడీ. జనం కొత్త సంగీతం కొనడమే కాదు, ఇంట్లో ఎల్పీగా ఉన్నదాన్నే మళ్లీ సీడీగా కొన్నారు. ఒకే పాటకు ఒకే మనిషి దగ్గర రెండుసార్లు డబ్బు రాబట్టిన కాలం అది. ధరలు మరీ ఎక్కువని పార్లమెంటు కమిటీ 1993లో గొడవ చేసింది; విషయం గుత్తాధిపత్యాల కమిషన్ దాకా వెళ్తే అది 1994లో కంపెనీల తప్పేమీ లేదని తేల్చింది. తొంభైల నాటి ఆ విందును పరిశ్రమ మామూలు భోజనం అనుకోవడంలోనే అసలు చిక్కు ఉందని నాకనిపిస్తుంది. ఎందుకంటే దుకాణాల అద్దె ఒప్పందాలు సంతకాలయ్యింది ఆ రోజుల్లోనే. వాటి సంగతి తర్వాత.

పై మీగడ ఒకరికి, అడుగు పాలు ఇంకొకరికి

మొదట చెయ్యి పెట్టింది సూపర్ మార్కెట్లు. టెస్కో, ఆస్డా, సెయిన్స్‌బరీస్ లాంటివి సీడీల్లో నాలుగైదు డజన్ల టైటిల్సే పెట్టేవి. అవన్నీ చార్టులో ఉన్నవే. రికార్డు షాపు పదమూడు, పద్నాలుగు పౌండ్లకు అమ్ముతున్న కొత్త ఆల్బమ్‌ను వీళ్లు పది పౌండ్ల లోపే ఇచ్చేవాళ్లు. దాని మీద లాభం రాకపోయినా వాళ్లకు బాధ లేదు. వారం సరుకులకు వచ్చిన కుటుంబం ఒక సీడీ కూడా బండిలో వేసుకుంటే చాలు. చిన్న షాపులకు రికార్డు కంపెనీ ఇచ్చే టోకు ధర కంటే సూపర్ మార్కెట్ చిల్లర ధర తక్కువగా ఉన్న సందర్భాలూ వచ్చాయి. అప్పుడు కొందరు షాపు యజమానులు కంపెనీకి ఆర్డరు పెట్టడం మానేసి, నేరుగా సూపర్ మార్కెట్‌కు వెళ్లి బండి నింపుకొచ్చి తమ అరల్లో పెట్టుకున్నారు. రికార్డు కంపెనీలకు ఇది కనబడలేదా అంటే కనబడింది. కానీ వేల శాఖలున్న కొనుగోలుదారు ఒకేసారి లక్షల కాపీలు అడుగుతుంటే తగ్గింపు ఇవ్వనని చెప్పే ధైర్యం ఎవరికుంది?

మీగడ అలా పోయింది. అడుగు పాలు పోయిన కథ ఇంకా విచిత్రం, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అది ఓ పన్ను మినహాయింపు కథ.

ఇంగ్లిష్ ఛానల్‌లో ఫ్రాన్స్ తీరానికి దగ్గరగా జెర్సీ, గర్న్‌సీ అనే దీవులున్నాయి. బ్రిటిష్ రాజుకు చెందినవే కానీ బ్రిటన్‌లో భాగం కావు, యూరోపియన్ యూనియన్ వ్యాట్ పరిధిలోనూ లేవు. బయటి నుంచి తపాలాలో వచ్చే చిల్లర పొట్లాల మీద పన్ను వసూలు చేయడానికయ్యే ఖర్చు ఆ పన్ను కంటే ఎక్కువవుతుంది కాబట్టి, 18 పౌండ్ల లోపు విలువున్న వాటిని వదిలేయమని ఒక నిబంధన ఉండేది. కస్టమ్స్ గుమాస్తాల పని తగ్గించడానికి పెట్టిన నిబంధన అది. సీడీ ఖరీదు 18 పౌండ్ల లోపే. పైగా పల్చగా ఉంటుంది, కవరులో పడుతుంది, పగలదు, పాడవదు. ఆ నిబంధన కోసమే పుట్టిన సరుకులా సరిపోయింది.

లెక్క చూడండి. 9.99 పౌండ్లకు అమ్మే సీడీలో, 17.5 శాతం వ్యాట్ ఉన్న రోజుల్లో, దాదాపు పౌండున్నర ప్రభుత్వానికి పోతుంది. లీడ్స్‌లోనో బ్రిస్టల్‌లోనో అద్దె కట్టుకునే షాపువాడు ఆ పౌండున్నర కట్టాలి. జెర్సీ గోదాములోంచి పోస్టు చేసేవాడు కట్టక్కర్లేదు. రికార్డు షాపు ఒక సీడీ మీద మిగుల్చుకునే లాభమే అటూ ఇటూగా అంత. జెర్సీ కేంద్రంగా ప్లే డాట్ కామ్ పెరిగి పెద్దదైంది ఈ దారిలోనే. అక్కడ అద్దె అరల బాధ లేదు కాబట్టి ఎంత పాత ఆల్బమ్ అయినా దొరుకుతుంది. హై స్ట్రీట్ షాపు గర్వంగా చెప్పుకున్న బ్యాక్ కేటలాగ్ అంతా దానికంటే రెండు పౌండ్లు తక్కువకు, తపాలా ఖర్చు లేకుండా, ఇంటి గుమ్మానికి వచ్చింది.

హెచ్ఎంవీ ఏం చేసింది? తను కూడా గర్న్‌సీ నుంచి పోస్టు చేయడం మొదలుపెట్టింది. సూపర్ మార్కెట్లూ అదే చేశాయి. తన సొంత దుకాణం కంటే తన సొంత వెబ్‌సైట్‌లో తక్కువకు అమ్మాల్సిన స్థితి అన్నమాట. చిన్న దుకాణదారులు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక ప్రభుత్వం 2011 నవంబరులో పరిమితిని 15 పౌండ్లకు దించింది; 2012 ఏప్రిల్ 1 నుంచి ఆ దీవుల వరకు మినహాయింపునే ఎత్తేసింది. దీవుల ప్రభుత్వాలు కోర్టుకెళ్లి ఓడిపోయాయి. అప్పటికి ఎవరి కోసం ఆ దిద్దుబాటు చేశారో వాళ్లలో చాలామంది మిగల్లేదు.

డిసెంబరు 25న కట్టాల్సిన అద్దె

ఇక అద్దెల సంగతి. బ్రిటన్‌లో హై స్ట్రీట్ దుకాణం అద్దె ఒప్పందాలు పదిహేను, ఇరవై, ఇరవై ఐదేళ్లకు రాసుకోవడం పాత పద్ధతి. ఐదేళ్లకోసారి అద్దెను సమీక్షిస్తారు. ఆ సమీక్షలో అద్దె పెరగవచ్చు లేదా ఉన్నచోటే ఉండవచ్చు. తగ్గడానికి మాత్రం వీల్లేదని ఒప్పందంలోనే రాసి ఉంటుంది. బజారు అంతా పడిపోయినా సరే. దీనికి తోడు బిజినెస్ రేట్స్ అని స్థలం విలువ మీద వేసే పన్ను. అది వ్యాపారం ఎంత జరిగిందని అడగదు, నువ్వున్న చోటు ఎంత ఖరీదైనదని అడుగుతుంది. 2015లో జరగాల్సిన విలువల సవరణను ప్రభుత్వం 2017కు వాయిదా వేసింది. దాంతో ఆర్థిక మాంద్యానికి ముందు నాటి అద్దెల ఆధారంగా లెక్కగట్టిన పన్నును, మాంద్యంలో చితికిపోయిన బజార్లు మరో రెండేళ్లు మోశాయి.

అద్దె కట్టే రోజులు కూడా మధ్యయుగాల నుంచి వస్తున్నవే: మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25. మూడు నెలలది ముందుగానే కట్టాలి. ఈ తేదీలు దగ్గర పెట్టుకుని రికార్డు షాపుల మరణ వార్తలు చదవండి. వర్జిన్ మెగాస్టోర్ల కొత్త పేరైన జావీ చేతులెత్తేసింది 2008 డిసెంబరు 24న. హెచ్ఎంవీ రెండోసారి దివాలా నిర్వాహకుల చేతుల్లోకి వెళ్లింది 2018 డిసెంబరు 28న. ఫోప్ అనే మరో రికార్డు షాపుల గొలుసు మూతపడింది 2007 జూన్ చివర్లో. పాటల వ్యాపారంలో ఏడాదికి ఒక్క పంట క్రిస్మస్సే. డిసెంబరు అమ్మకాలు ఎలా ఉన్నాయో తేలే వారంలోనే మూడు నెలల అద్దె గడువు పడుతుంది. బాగోలేదని తేలితే, ఆ అద్దె కట్టకముందే తాళాలు అప్పగించడమే లెక్క ప్రకారం తెలివైన పని.

వూల్‌వర్త్స్ పతనం ఒక్క దుకాణం కథ కాదు, అందుకే దాని దగ్గర కాసేపు ఆగాలి. మిఠాయిలు, పిల్లల బట్టలు, గిన్నెలతో పాటు సీడీలు కూడా అమ్మే పాతకాలపు బజారు అది. చాలా చిన్న ఊళ్లలో పాటలు దొరికే ఏకైక చోటు. దానికి ఎంటర్‌టైన్‌మెంట్ యూకే అనే అనుబంధ సంస్థ ఉండేది. బ్రిటన్‌లో సీడీ, డీవీడీల అతి పెద్ద టోకు వ్యాపారి అదే. వూల్‌వర్త్స్‌కే కాదు, కొన్ని సూపర్ మార్కెట్లకూ, వర్జిన్ మెగాస్టోర్లను 2007లో వాటి యాజమాన్య బృందమే కొనుక్కుని పేరు మార్చగా వచ్చిన జావీకీ సరుకు వేసేది. ఈ వ్యాపారమంతా అరువు మీద నడుస్తుంది. రికార్డు కంపెనీ సరుకిస్తుంది, డబ్బు కొన్ని వారాల తర్వాత వస్తుంది. మధ్యలో కొన్నవాడు మునిగితే నష్టం రాకుండా బీమా ఉంటుంది. 2008 మాంద్యంలో బీమా కంపెనీలు వూల్‌వర్త్స్‌కు ఆ రక్షణ తీసేశాయి. అంటే ఇకపై సరుకు కావాలంటే ముందే నగదు కట్టాలి. క్రిస్మస్ సరుకు దింపుకోవాల్సిన నవంబరులో అంత నగదు ఎక్కడిది? వూల్‌వర్త్స్, దాని టోకు సంస్థ ఒకేసారి కూలాయి. టోకు సంస్థ పోయేసరికి, వూల్‌వర్త్స్‌తో వేరే సంబంధమేమీ లేని జావీకి ఏడాదిలో అతి ముఖ్యమైన వారాల్లో సరుకు ఆగిపోయింది. వూల్‌వర్త్స్ 807 దుకాణాల్లో చివరివి 2009 జనవరి 6న మూసేశారు. ఫిబ్రవరికల్లా జావీ దుకాణాలూ లేవు. దేశంలో పాటలు కొనుక్కునే చోట్లలో పెద్ద భాగం మూడు నెలల్లో తుడిచిపెట్టుకుపోయింది, అదీ సీడీలు ఇంకా కోట్లలో అమ్ముడవుతున్న రోజుల్లో.

ఊళ్లో షాపు పోతే కొనేవాడు ఇంకో షాపుకు వెళ్తాడనుకుంటాం. చాలామంది వెళ్లలేదు. కొనడమే మానేశారు. దుకాణాల మూత అమ్మకాల పతనానికి ఫలితమెంతో కారణమూ అంతే అని నేననేది అందుకే. దారిన పోతూ తొంగిచూసి, కవరు బాగుందని కొనే అలవాటుకు కావలసింది ఆ దారి మీద ఉన్న ఓ కొట్టు.

చివరికి మిగిలిన పెద్దన్న

పోటీదారులంతా పోయాక హెచ్ఎంవీకి కొన్నాళ్లు బాగానే గడిచింది. ఆ ఊపులో 2010లో కచేరీ హాళ్ల సంస్థను కొనేసింది. కానీ అప్పటికి అది పేరుకే రికార్డు షాపు. అరల్లో ఎక్కువ భాగం డీవీడీలు, వీడియో గేములు ఆక్రమించుకున్నాయి. సీడీ తగ్గినా డీవీడీ నిలబెడుతుందన్న లెక్క 2012 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ బ్రిటన్‌కు రావడంతో బలహీనపడింది. చేతిలో ఉన్న వాటర్‌స్టోన్స్ పుస్తకాల దుకాణాలను 2011లోనే 5.3 కోట్ల పౌండ్లకు అమ్మేసింది. అయినా 2013 జనవరిలో మొదటి దివాలా. నిర్వాహకులు మొదట గిఫ్ట్ కార్డులు చెల్లవన్నారు. క్రిస్మస్ కానుకగా వచ్చిన కార్డులు పట్టుకున్న జనం ఊరుకుంటారా, వారం రోజుల్లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఏప్రిల్‌లో హిల్కో అనే సంస్థ 141 దుకాణాలను కాపాడింది. రికార్డు కంపెనీలు ఈసారి సరుకు, గడువు విషయంలో పట్టువిడుపు చూపాయి. అది దయ కాదు. దేశమంతా శాఖలున్న చివరి షాపు కూడా పోతే తమ సీడీలు ఎక్కడ పెట్టాలో వాళ్లకూ తెలియలేదు.

2018 డిసెంబరులో రెండో దివాలా. ఈసారి కొన్నది కెనడాలో సన్‌రైజ్ రికార్డ్స్ నడిపే డగ్ పుట్మన్. 127 దుకాణాల్లో వంద తీసుకున్నాడు, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ షాపుతో సహా ఇరవై ఏడింటిని వదిలేశాడు. వదిలేసిన కారణం పాటలు కాదు, చదరపు అడుగుల లెక్క. అతను ఉంచుకున్న చాలా చోట్ల ఇంటి యజమానులు అద్దె తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు, ఎందుకంటే అప్పటికి పక్క దుకాణాలూ ఖాళీ అవుతున్నాయి. పదిహేనేళ్ల ముందు ఇదే వెసులుబాటు దొరికి ఉంటే కథ ఎలా ఉండేదో! 2023 నవంబరులో హెచ్ఎంవీ మళ్లీ 363 ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోనే తలుపులు తెరిచింది. లోపల రికార్డుల పక్కన టీషర్టులు, బొమ్మలు, కామిక్ పాత్రల సరుకు బోలెడు. చాలామంది పాత అభిమానులకు అది నచ్చదు. అద్దె కట్టేది మాత్రం ఆ బొమ్మలే.

వినైల్ తిరిగొచ్చింది, నిజమే, కానీ

ఈ మధ్య పత్రికల్లో ఇష్టంగా రాసే వార్త వినైల్, అంటే ఎల్పీ రికార్డుల, పునర్జన్మ. అబద్ధం కాదు. 2007లో బ్రిటన్‌లో కొత్త ఎల్పీలు రెండు లక్షలకు కాస్త ఎక్కువే అమ్ముడయ్యాయి. 2024లో 67 లక్షలు. 2022లో ఆదాయంలో సీడీని దాటేసింది, 1987 తర్వాత అలా జరగడం అదే మొదలు. 2024లో ప్రభుత్వ గణాంకాల శాఖ ధరల సూచీ బుట్టలో వినైల్‌ను మళ్లీ చేర్చింది, 1992లో తీసేశాక.

కానీ 67 లక్షల పక్కన 16.3 కోట్లు పెట్టి చూడండి. అదే 2024లో అమ్ముడైన సీడీలు దాదాపు కోటి. రెండూ కలిపినా శిఖరంలో పదో వంతు. ఆ పదో వంతు మీద మూడు వందల శాఖల గొలుసు నడవదు. చిల్లర వ్యాపారుల సంఘం లెక్కల ప్రకారం 2024లో బ్రిటన్ ప్రజలు సంగీతం మీద దాదాపు 239 కోట్ల పౌండ్లు ఖర్చుపెట్టి, 2001 నాటి 222 కోట్ల రికార్డును దాటారు. ఇరవై మూడేళ్ల ధరల పెరుగుదలను తీసేస్తే అది రికార్డేమీ కాదు, పైగా అందులో 200 కోట్లకు పైగా స్ట్రీమింగ్ చందాలదే. ఆ డబ్బు ఏ బజారు వీధి మీదుగానూ వెళ్లదు.

చిన్న షాపుల లెక్క వేరు. ఎనభైల్లో రెండు వేలకు పైగా ఉన్న స్వతంత్ర దుకాణాలు 2009 నాటికి మూడు వందల లోపుకు పడిపోయాయి. ఇప్పుడు మళ్లీ నాలుగు వందలు దాటాయి. ఇవి బతుకుతున్న తీరు 2007 వేసవిలోనే కనిపించింది. ఆ ఏడాది మొదట్లో దివాలా తీసిన మ్యూజిక్ జోన్ అనే గొలుసు దుకాణాలు అరవై ఏడింటిని కొని ఒక్కసారిగా పెద్దదవుదామనుకున్న ఫోప్ కొన్ని నెలల్లోనే మునిగింది, పేరును హెచ్ఎంవీ కొనుక్కుంది. అవే రోజుల్లో రఫ్ ట్రేడ్ అనే స్వతంత్ర రికార్డు దుకాణం లండన్ బ్రిక్ లేన్ పక్కన ఒక పాత బీరు ఫ్యాక్టరీ ఆవరణలో కొత్త షాపు తెరిచింది. ప్రధాన బజారు కాదు, కాఫీ ఉంటుంది, బృందాలు వాయించడానికి వేదిక ఉంటుంది. అందరూ నవ్వారు. ఆ షాపు ఇప్పటికీ ఉంది. మరుసటి ఏడాది అమెరికాలో మొదలైన రికార్డ్ స్టోర్ డే బ్రిటన్‌కూ వచ్చి, ఏప్రిల్‌లో ఒక శనివారాన్ని ఈ షాపులకు రెండో క్రిస్మస్‌గా మార్చింది.

అసలు ఆసరా మాత్రం చార్టుల నిబంధనల్లోంచి వచ్చిందని చాలామందికి తెలియదు. ఆల్బమ్ చార్టులో స్ట్రీమింగ్‌ను కలుపుతున్నది 2015 నుంచి. చందా కట్టిన శ్రోతల వినికిళ్లు వెయ్యి దాకా కలిస్తే గానీ ఒక అమ్మకంతో సమానం కాదు. కాబట్టి మొదటి వారంలో పై స్థానం కావాలంటే చేతికి అందే సరుకే అమ్మాలి. అందుకే లండన్ శివారు కింగ్‌స్టన్‌లోని బాంక్వెట్ రికార్డ్స్ లాంటి షాపులో ఆల్బమ్ కొంటే, ఆ వారమే దగ్గర్లోని హాల్లో ఆ బృందం కచేరీకి టికెట్ కూడా కలిసొస్తుంది. బృందానికి చార్టులో స్థానం, షాపుకు ఒక్క సాయంత్రంలో వందల అమ్మకాలు.

అయితే ఆ మొదటి వారం మీద ఇప్పుడు ఇంకొకరి కన్ను పడింది. గాయకుల సొంత వెబ్‌సైట్లు ఒకే ఆల్బమ్‌ను నాలుగు రంగుల్లో, సంతకం చేసిన కార్డుతో, కచేరీ టికెట్లలో ముందు వరస హామీతో నేరుగా అమ్ముతున్నాయి. వాటి వెనక ఉన్నది చాలాసార్లు రికార్డు కంపెనీలే. ముందుగా డబ్బు కట్టే వీరాభిమానులు అటు వెళ్తారు, షాపుకు మామూలు నల్ల రంగు ఎల్పీ వస్తుంది, పాతిక ముప్పై పౌండ్లకు. ఇరవై ఏళ్ల కిందట సూపర్ మార్కెట్ చేసిన పనే ఇది, కాకపోతే ఈసారి మీగడ తీస్తున్నది పాలు పోసినవాళ్లే. చిన్న షాపులు తమకు మాత్రమే ఇచ్చే ప్రత్యేక ముద్రణలు కావాలని అడుగుతున్నాయి. కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి, చాలావరకు పేరున్న గాయకుల విషయంలోనే. మిగతావాళ్ల ఆల్బమ్‌లు తిరిగి పంపే వీలు లేని కొనుగోలుగానే వస్తాయి, అమ్ముడుపోకపోతే ఆ నష్టం పూర్తిగా షాపుదే.